టికెట్టు కొని ఎక్కిన ఓడ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు పదహారేండ్లు సముద్రం మీద తిరిగినోడివి కదప్పా, ఒక పావుగంట ఏదన్నా మాట్లాడు" అన్నాడు. తుపాన్లు, తిమింగలాలు, విదేశాలు అని చెప్తాననుకున్నాడేమో. నేను చెప్పబోయేది నేను పని చేసిన ఓడల గురించి కాదు. టికెట్టు కొని ఎక్కిన ఒకే ఒక్క ఓడ గురించి. ఆ ఓడలో ఉన్నది రెండు రాత్రులు, ఒక పగలు. అంతే. పదహారేండ్ల ఉద్యోగంలో తెలియని సంగతులు కొన్ని నాకు అక్కడ తెలిసినాయి.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. మన బడిలో నాది 1986 పదో తరగతి బ్యాచ్. కర్నూలు పిల్లోడు సముద్రం చూడాలంటే నల్లమల దాటి ఒక రాత్రంతా బస్సులో కూర్చోవాల. అప్పట్లో మాకు తెలిసిన పెద్ద నీళ్లు తుంగభద్ర ఒకటే. అది కూడా ఎండాకాలంలో బండల మధ్య సన్నగా పారేది. హంద్రిలో అయితే క్రికెట్ ఆడేవాళ్లం. అయినా మన ప్రాంతానికి పడవలు బొత్తిగా తెలియనివి కావు. మన కె.సి. కెనాల్‌ను 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. సుంకేసుల నుంచి కడప దాకా ఆ కాలువ పొలాలకు నీళ్లివ్వడానికి ఒక్కటే కాదు, సరుకుల పడవలు నడపడానికి కూడా ఉద్దేశించింది. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. చరిత్ర పాఠంలో సారు ఈ మాట చెప్పినప్పుడు మేమంతా నవ్వినాం. కాలువలో దిగితే మోకాటి లోతు నీళ్లు లేని రోజులవి. పడవ ఎట్లా పోతుందని మా అనుమానం.

అనంతపురం జేఎన్‌టీయూ కాలేజీలో మెకానికల్ చదివి, ఒక ఏడాది మెరైన్ శిక్షణ పూర్తిచేసి, 1994లో జూనియర్ ఇంజనీరుగా మొదటి ఓడ ఎక్కినాను. విశాఖపట్నంలో ఇనుప ఖనిజం నింపుకొని జపాన్ పోయే ఓడ. నాయన కర్నూలు నుంచి వైజాగ్ దాకా నాతో వచ్చినాడు. ఆయన కూడా అంతవరకు సముద్రం చూసినోడు కాదు. తీరా పోర్టు గేటు దగ్గరికి పోతే, నాకు పాసు ఉంది, ఆయనకు లేదు. సెక్యూరిటీ అతను మర్యాదగానే చెప్పినాడు, లోపలికి కుదరదని. నాయన నా పెట్టె నా చేతికిచ్చి, "యాడుంది నాయనా నీ ఓడ?" అని అడిగినాడు. గోదాముల వెనక ఎక్కడో ఉంది, కనిపించదు అన్నాను. "సరే, పో. జాగ్రత్త" అని తిరిగి బస్సెక్కినాడు. నేను పని చేసిన ఓడ ఒక్కటి కూడా చూడకుండానే 2006లో పోయినాడు. అప్పుడు నేను సముద్రం మీదే ఉన్నాను.

ఇక్కడ మన సైన్సు సారును తలచుకోవాల. గుర్తుందా మీకు? తొమ్మిదో తరగతిలో ఆయన గుండ్రటి గాజు ఫ్లాస్కులో నీళ్లు మరిగించి, దీపం తీసేసి, మూతికి బిరడా బిగించి, తలకిందులు చేసి, దాని మీద చన్నీళ్లు పోసేవాడు. చల్లారిన నీళ్లు మళ్లీ బుడగలు బుడగలుగా మరిగేవి. "ఒత్తిడి తగ్గితే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయిరా" అని చెప్పేవాడు. మేం నోరు తెరుచుకొని చూసినాం, పరీక్ష రాసినాం, మరిచిపోయినాం.

ఓడ ఇంజన్ రూంలో నాకు మొదట అప్పజెప్పిన యంత్రాల్లో ఫ్రెష్ వాటర్ జనరేటర్ ఒకటి. సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే యంత్రం. దానికి వేరే ఇంధనం అక్కర్లేదు. పెద్ద ఇంజన్‌ను చల్లబరిచి వచ్చే నీళ్లు దాదాపు ఎనభై డిగ్రీల వేడి మీద ఉంటాయి. ఆ వేడినే వాడుకుంటారు. యంత్రం లోపల గాలి లాగేసి ఒత్తిడి తగ్గిస్తే ఉప్పునీళ్లు యాభై డిగ్రీలు దాటకముందే మరుగుతాయి. ఆవిరిని చల్లారిస్తే మంచినీళ్లు. రోజుకు ఇరవై టన్నుల దాకా వచ్చేవి, ఓడలో ఉన్నది ఇరవై నాలుగు మందిమి. మొదటిసారి ఆ గాజు కిటికీలోంచి నీళ్లు మరగడం చూసి, చెయ్యి దగ్గర పెట్టి, ఇంత తక్కువ వేడికా అనుకొని, ఒక్కసారిగా సారు ఫ్లాస్కు గుర్తొచ్చింది. మున్సిపాలిటీ కొళాయి దగ్గర బిందెల వరుసలో తెల్లవారుజామున నిలబడి పెరిగినోడిని నేను. నా చేతుల మీదుగా రోజుకు ఇరవై టన్నుల మంచినీళ్లు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సారూ, ఆ రోజు మీకు ఉత్తరం రాయాల్సింది. రాయలేదు. ఈ రోజు ఈ మైకులో చెప్తున్నాను.

అట్లా పదహారేండ్లు తిరిగి, చీఫ్ ఇంజనీరునై, 2010లో ఓడలు మానేసి వచ్చినాను. ఇప్పుడు ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పని. సముద్రం ఉప్పు పోయి సున్నపురాయి దుమ్ము వచ్చింది.

ఇక ఆ క్రూజ్ సంగతి. 2022 జూన్‌లో కార్డీలియా వాళ్ల 'ఎంప్రెస్' అనే విహార నౌక చెన్నై నుంచి విశాఖకు తిరగడం మొదలైంది. పేపర్లో ఫోటోలు చూసి బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఆగస్టులో రెండు టికెట్లు కొనేసింది. నాకు చెప్పకుండా. "వద్దు" అన్నాను. నేను చెప్పిన కారణాలు వినండి. సెలవు లేదు, డబ్బు దండగ, వానాకాలంలో అల ఎక్కువ, మీ అమ్మకు కళ్లు తిరుగుతాయి. అసలు కారణం వేరే. జీతం తీసుకొని ఎక్కినోడికి డబ్బిచ్చి ఎక్కడం నామోషీగా ఉండింది. పొలం అమ్ముకున్న రైతు అదే పొలంలో పిక్నిక్‌కు పోయినట్టు.

మా అమ్మాయి ఒకే మాట అన్నది. "నాయనా, మీరు ఓడ మీద పదహారేండ్లు ఉన్నారు. అమ్మ కర్నూలులో పదహారేండ్లు ఉంది. ఒక్కసారన్నా అమ్మకు ఓడ చూపించినారా?"

మర్చంట్ నేవీలో ఆఫీసర్లు భార్యల్ని వెంట తీసుకుపోయే వీలుంటుంది. మా తోటివాళ్లు చాలామంది తీసుకొచ్చేవాళ్లు. మా ఇంటామెకు ఆ యోగం పట్టలేదు. మొదట పిల్లలు చిన్నోళ్లు, తర్వాత బడులు, తర్వాత నాయన జబ్బు, అమ్మకు షుగరు. ప్రతిసారీ "వచ్చేసారి చూద్దాం" అనుకున్నాం. ఇంక నేనేమీ మాట్లాడలేదు. చెన్నైకి బయలుదేరినాం.

ఎంప్రెస్ 1990లో ఫ్రాన్సులోని సెయింట్ నజైర్ యార్డులో కట్టిన ఓడ. నేను అనంతపురంలో రెండో ఏడు చదివేనాటికి అది నీళ్లలో దిగింది. పదకొండు అంతస్తులు. మా ఇంటామె మెడ వెనక్కి వంచి పై దాకా చూసి, "మీ ఓడలు ఇట్లే ఉండేవా?" అని అడిగింది. కాదన్నాను. మా ఓడల్లో పెద్ద భాగం ఖనిజానికి, వెనక చిన్న డబ్బా మనుషులకు. ఇక్కడ ఓడంతా మనుషులకే.

ఓడ కదిలే ముందు అందరినీ పిలిచి ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో, లైఫ్ జాకెట్ ఎట్లా తొడుక్కోవాలో చూపిస్తారు. కొంతమంది ప్రయాణికులు విసుక్కుంటూ సెల్ఫీలు తీసుకుంటున్నారు. నాకు కొంచెం కోపం వచ్చింది. సముద్రం మీద ప్రతి నియమం వెనక మునిగిపోయిన ఓడ ఒకటుంటుంది. 1912లో టైటానిక్ మునిగితేనే 1914లో సముద్ర భద్రత మీద మొదటి అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాయికి గుద్దుకొని 32 మంది పోయినారు. అందులో కొత్తగా ఎక్కిన చాలామందికి అప్పటికింకా ఈ శిక్షణ ఇవ్వలేదు. అప్పట్లో ఇరవై నాలుగు గంటల లోపల ఇస్తే చాలు. ఆ తర్వాతే, ఓడ బయలుదేరకముందు గానీ బయలుదేరిన వెంటనే గానీ ఇచ్చి తీరాలని నియమం మార్చినారు. నేను జాకెట్ పట్టీలు బిగించుకొని, మా ఇంటామెవి బిగించి, పక్కనున్న ముసలాయనవి కూడా బిగించినాను. "మీరు ఇక్కడి స్టాఫా సార్?" అని అడిగినాడు ఆయన. కాదు అన్నాను. ఆ 'కాదు' చెప్పడానికి ఒక క్షణం పట్టింది.

ఓడ కదిలింది. అందరూ పైకి పోయి చెన్నై దీపాలు చూస్తున్నారు. నేను ఇంజన్ చప్పుడు వింటున్నాను. మా వాళ్లకు అదొక జబ్బు. అరికాళ్లతో ఓడను వింటాం. వణుకు మారితే నిద్రలో కూడా లేస్తాం. భోజనానికి కూర్చుంటే ఎదురుగా నలభై రకాలు. నా దృష్టంతా గ్లాసులో నీళ్లు ఎటు వంగుతున్నాయో దాని మీద. మా ఇంటామె ఆపుకోలేక, "డ్యూటీలో ఉండారా, సెలవులో ఉండారా?" అన్నది.

రాత్రి పన్నెండుకు మెలకువ వచ్చింది. పన్నెండు నుంచి నాలుగు దాకా నేను చాలా ఏండ్లు చేసిన వాచ్ అది. అలవాటు చొప్పున లేచి, అట్లా నడుచుకుంటూ కింది అంతస్తుకు పోయినాను. కార్పెట్ అయిపోయిన చోట ఒక ఇనుప తలుపు. దాని మీద 'సిబ్బందికి మాత్రమే' అని రాసి ఉంది. ఆ తలుపు సందులోంచి వేడి నూనె వాసన వచ్చింది. ఇంట్లో ఎవరికన్నా అది వాసన. నాకు అది నా వయసు. ఎంతసేపు నిలబడినానో తెలియదు. తలుపు తీసుకొని బాయిలర్ సూట్‌లో ఒక కుర్రాడు బయటికి వచ్చినాడు. చెవులకు ఇయర్ మఫ్స్, చేతులకు గ్రీజు. నన్ను చూసి ఆగి, చాలా మర్యాదగా, "దారి తప్పినారా సార్?" అని హిందీలో అడిగినాడు.

నేనూ ఇంజనీరునే అని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. అవునన్నాను. అతను మెట్ల దాకా వచ్చి దారి చూపించి పోయినాడు.

పైకి వచ్చేసరికి మా ఇంటామె డెక్కు మీద కుర్చీలో శాలువా కప్పుకొని కూర్చుంది. నేను కనపడక వెతుక్కుంటూ వచ్చిందట. చుట్టూ చీకటి, నీళ్ల చప్పుడు. కొంచెంసేపటికి, "మీరు ఉత్తరాల్లో రాసింది ఇదేనా? వెన్నెల, నక్షత్రాలు, డాల్ఫిన్లు?" అని అడిగింది.

ఆ చీకట్లో నిజం చెప్పాలనిపించింది. నేను రాసినవన్నీ పైన డెక్కు మీదివి. నేను బతికింది కింద. అక్కడ వేడి నలభై ఐదు డిగ్రీలు, పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. 1998లో గుడ్ హోప్ అగ్రం దగ్గర పెద్ద అలల్లో మా ఇంజన్ ఆగిపోయింది. ఓడ విపరీతంగా ఊగితే ఇంధనం ట్యాంకుల అడుగున పేరుకున్న మడ్డి కలిసిపోయి ఫిల్టర్లు మూసుకుపోతాయి. ఇంజన్‌కు ఆయిల్ అందదు. ఇంజన్ ఆగిన ఓడ అలకు అడ్డం తిరుగుతుంది. నలుగురం ఒకరినొకరు పట్టుకొని, కడ్డీలకు నడుము కట్టుకొని, వేడి ఫిల్టర్లు విప్పి కడిగి బిగించినాం. నలభై నిమిషాలు. నా మోచేతి మీది మచ్చ అప్పటిదే. ఇంట్లో మాత్రం టీ ఒలికిందని చెప్పినాను. ఆ వారమే మా అమ్మాయి పుట్టింది. "సముద్రం ప్రశాంతంగా ఉంది" అని టెలిగ్రాం ఇచ్చినాను.

ఆమె చాలాసేపు పలకలేదు. తర్వాత నా మోచెయ్యి పట్టుకొని, "నేను కూడా మీకు ఒకటి అబద్ధం చెప్పినా" అన్నది.

2009 అక్టోబర్ 2. ఈ సభలో ఉన్న కర్నూలు వాళ్లకు ఆ తేదీ చెప్పనక్కర్లేదు. కరువు తప్ప వేరే పేరు తెలియని ఊరి మీదికి తుంగభద్ర వచ్చి పడింది. నది పోటెత్తి హంద్రి నీళ్లు కలవలేక వెనక్కి తన్నినాయి. పాతబస్తీ మునిగింది. అప్పుడు మా ఓడ బ్రెజిల్ దారిలో ఉంది. మూడు రోజులు ఫోన్ కలవలేదు. కలిసినాక ఆమె, "ముందే తెలిసి మా అన్నోళ్లింటికి పోయినాం. ఇంట్లో బురద ఒక్కటే, కడిగించుకుంటాం" అన్నది. డిసెంబర్‌లో ఇంటికొచ్చి చూస్తే గోడ మీద నీటి గీత నా తల కన్నా పైన ఉంది. మనుషులు లేనప్పుడు వచ్చిన నీళ్లే కదా అనుకొని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ గీతను చూసే ఓడలు మానేసినాను.

నిజమేమంటే వాళ్లు ఎక్కడికీ పోలేదు. పోవడానికి టైము లేదు. అమ్మను, ఇద్దరు పిల్లల్ని తీసుకొని పక్కింటి రెండంతస్తుల మిద్దె ఎక్కింది. రెండు రాత్రులు. ఆరేండ్ల పిల్లోడికి జ్వరం. అమ్మ షుగరు మందులు కింద ఇంట్లో మునిగిపోయినాయి. చుట్టూ కనుచూపు మేర నీళ్లు, తాగడానికి చుక్క లేదు. ఇరవై మంది మధ్య రెండు బిందెలు. మూతతో కొలిచి పిల్లలకు తాగించినారట.

"మీ అమ్మ రాత్రంతా ఒకటే మాట" అన్నది మా ఇంటామె. "ఇంత నీళ్లు మనూరికే వచ్చినాయంటే సముద్రంలో వాడెట్లుండాడో, ఫోన్ చెయ్యి, ఫోన్ చెయ్యి అని. తనకు మందు లేదని ఒక్కసారి కూడా అనలేదు."

ఆ రోజు మా ఓడ మీద నాకు బాగా గుర్తుంది. గాంధీ జయంతి అని వంటాయన పాయసం చేసినాడు. సముద్రం అద్దంలాగా ఉంది. నా ఫ్రెష్ వాటర్ జనరేటర్ ఆ రోజు కూడా తన ఇరవై టన్నులు తను తీసింది. లాగ్ బుక్కులో నా చేత్తోనే రాసినాను.

ఎందుకు చెప్పలేదని అడిగినాను. "చెప్పి ఏం చేద్దును? మీరు అంత దూరంలో ఉండి ఏం చేద్దురు? ఇంజన్ దగ్గర నిలబడి దిగులు పడేవాళ్లు" అన్నది. నేను టీ ఒలికిందని చెప్పిన కారణమూ అదే. ఒకరికొకరం మంచి చేస్తున్నామనుకొని, పదమూడేండ్లు ఒకే ఇంట్లో ఉండి కూడా, ఎవరి సముద్రం వాళ్లం మోసినాం. మా అమ్మ ఇప్పుడు లేదు. ఆమెను అడగాల్సినవి, ఆమెకు చెప్పాల్సినవి అట్లే మిగిలిపోయినాయి.

మర్నాడు పగలంతా నేను ప్రయాణికుడిగానే ఉన్నాను. ఎండలో కూర్చున్నాను, బజ్జీలు తిన్నాను, గ్లాసులో నీళ్లు ఎటు వంగినాయో చూడలేదు. మా గదికి వచ్చే అబ్బాయిది శ్రీకాకుళం జిల్లా. తెలుగు వినగానే మొహం వెలిగింది. పెళ్లై ఏడాది అట. "ఇంటికి ఫోన్ చేస్తే ఏం చెప్తావు?" అని మా ఇంటామె అడిగింది. "అంతా బాగుందని చెప్తానమ్మా" అన్నాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

మూడో రోజు పొద్దున డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించింది. నేను 1994లో బయలుదేరింది ఆ కొండ పక్కనుంచే. దిగి బయటికి వచ్చినాక, నాయన ఆగిపోయిన గేటు ఏదో ఆమెకు చూపిద్దామనుకున్నాను. రోడ్లు, గోడలు మారిపోయినాయి, ఏ గేటో నాకే తెలియలేదు. ఆటోలో కూర్చొని ఆ కథ మాత్రం చెప్పినాను. ఓడ బాగుందా అని మీరడిగితే, బాగుంది. మళ్లీ పోతావా అంటే, ఆమె రమ్మంటే పోతాను. కానీ ఆ ఇనుప తలుపు ముందు నిలబడినప్పటి బాధ తగ్గలేదు. తగ్గాలని కూడా అనుకోవడం లేదు. అది నా అన్నం పెట్టిన పని.

మిత్రులారా, ఇది నా ఒక్కడి కథే అయితే ఈ వేదిక మీద చెప్పేవాడిని కాదు. కడప, రాజంపేట, రాయచోటి వైపు ప్రతి వీధిలో కువైట్‌కు పోయిన ఇల్లు ఉంటుంది. మన బ్యాచ్‌లలోనే గల్ఫ్‌లో, అమెరికాలో, సైన్యంలో ఉన్నవాళ్లు ఎంతమందో. మనమంతా ఇంటికి ఫోన్ చేసి 'బాగున్నాం' అని చెప్పినోళ్లమే. అటు నుంచి కూడా అదే మాట విని నమ్మినోళ్లమే. నేను కోరేది ఒకటే. పని చేసే చోటును ఒక్కసారన్నా ఇంట్లో వాళ్లకు చూపించండి. చూపించడానికి కుదరకపోతే, ఉన్నదున్నట్టు చెప్పండి. పెద్దవాళ్లు ఉండగానే చెప్పండి.

మన సంఘానికి కూడా ఒక మనవి. ప్రతి ఏడాది పదో తరగతి పిల్లలకు, వేర్వేరు పనుల్లో ఉన్న పూర్వ విద్యార్థుల చేత ఒక గంట మాట్లాడిద్దాం. జీతం ఎంతో చెప్పడానికి కాదు, అది వాళ్లు ఎట్లాగూ తెలుసుకుంటారు. ఆ పనిలో మచ్చ ఎక్కడ పడుతుందో కూడా చెప్పడానికి. మొదటి గంటకు నేను వస్తాను. ఒక గాజు ఫ్లాస్కు, ఒక చెంబు చన్నీళ్లు సిద్ధంగా పెట్టండి. సారు చూపించిన ప్రయోగం సారు ముందరే చేసి చూపిస్తాను. తప్పు చేస్తే ఆయన చెవి మెలిపెట్టవచ్చు.